రికవరీ ఉందనుకుంటే సరిపోదు, నడిపి చూడాలి

మెట్‌పల్లిలో మా సంఘం ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ ఉంది. 2011లో చందాలు వేసుకొని కొన్నాం. కొత్తలో దాని మీద గుడ్డ కప్పి, దసరాకు ట్రాక్టరుతో పాటు దానికీ బొట్టు పెట్టేవాళ్లం. ఇప్పుడు దాన్ని చూసినవాళ్లంతా ఒకటే మాట: "ఇంకా ఈ డబ్బా ఎందుకన్నా? పాత ఇనుప సామానోనికి వెయ్యరాదు?"

ఎందుకంటే సంఘం బతుకంతా దాంట్లోనే ఉంది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డప్పుడు ఏ ఊర్లో ఎవరు ఎంత చెరుకు వేశారో రాసుకున్న లెక్కలున్నాయి. పసుపు అమ్మిన తక్‌పట్టీల ఫొటోలున్నాయి. కొనుగోలు కేంద్రాల్లో తాలు పేరుతో, తరుగు పేరుతో కోసిన కిలోల వివరాలున్నాయి. కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఇచ్చిన దరఖాస్తుల నకళ్లున్నాయి. పదేళ్ల కింద మనం ఏమడిగామో, వాళ్లేం జవాబిచ్చారో చూపించాలంటే ఆ డబ్బా తెరవాల్సిందే.

ఆ డబ్బా 2024 చివర్లో ఒకరోజు తెరుచుకోలేదు. ముందురోజు రాత్రి కరెంటు ఎక్కువ తక్కువ అయింది. తెల్లారి స్విచ్ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వచ్చి ఆగిపోయింది. మోటరు సైకిల్ మీద పెట్టుకొని బస్టాండు దిక్కు ఒక రిపేరు షాపుకు తీసుకపోయాం. షాపులో పిల్లగాడు ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"డాటా ఉంచాల్నా కాకా, పోయినా మంచిదేనా?"

మేమన్నాం, "అది మాకేం తెలుసు బిడ్డా, చాలు అయితే చాలు."

చాలు అయింది. గంటన్నరలో కొత్తదాని లెక్క చేసిచ్చాడు. ఆఫీసుకు తెచ్చి పెట్టి చూస్తే తెర మీద ఒక్క ఫైలు లేదు. ఆ పిల్లగాడిది తప్పనడానికి లేదు. అడిగాడు, మేమే జవాబు సరిగ్గా చెప్పలేదు. పైగా మాకొక ధైర్యం ఉండె. కంప్యూటర్ తెరిచినప్పుడల్లా సీ డ్రైవ్ పక్కన 'రికవరీ' అని పేరు రాసిన ఇంకో డ్రైవ్ కనిపించేది. ఏదన్నా పోతే అందులోంచి తిరిగి వస్తదని పదమూడేళ్లు నమ్మినం. ఎప్పుడూ తెరిచి చూడలేదు. మా కార్యదర్శులలో ఒకరు అది భద్రమైన జాగ అనుకొని కొన్ని ఫైళ్లు నేరుగా అందులోనే దాచిపెట్టాడు. తమాషా ఏమిటంటే చివరికి మిగిలినవి అవే! అదీ రికవరీ మహిమ కాదు, షాపు పిల్లగాడు ఆ డ్రైవ్ ముట్టలేదు కాబట్టి మిగిలాయి.

పోయినవాటిలో మమ్మల్ని ఎక్కువ కుంగదీసింది రుణమాఫీ జాబితా. 2024లో ప్రభుత్వం మూడు విడతల్లో మాఫీ చేసింది. జులై 18న లక్ష లోపు, జులై 30న లక్షన్నర లోపు, ఆగస్టు 15న రెండు లక్షల లోపు. మాఫీ కానివాళ్ల వివరాలు రాసుకుందామని మేము ఇల్లిల్లూ తిరిగాం. ఆధార్‌లో ఒక పేరు బ్యాంకులో ఒక పేరు ఉన్నవాళ్లు, రేషన్ కార్డు లేక కుటుంబ నిర్ధారణ కానివాళ్లు, రెండు లక్షల మీద వెయ్యి రెండు వేలు దాటినందుకు ఆగినవాళ్లు. వందకు పైచిలుకు పేర్లు, ఒక్కొక్కరికి బ్యాంకు పేరు, అప్పు తీసుకున్న తేదీ, ఆగిన కారణం. అదంతా పోయింది. మళ్లీ తిరిగాం. కొన్ని ఇండ్లల్లో మగమనిషి గల్ఫ్‌కు పోయాడు, పాస్‌బుక్కు బీరువాలో ఉంది, తాళం ఎక్కడుందో ఇంటామెకు తెలియదు. "మొన్ననే రాసుకపోతిరి కదా, మళ్ల ఎందుకు?" అని అడిగితే ఏం చెప్పాలి? ఒక ఇంట్లో మొదటిసారి అరుగు మీద కూర్చొని వివరాలన్నీ చెప్పిన పెద్దమనిషి, మేము రెండోసారి పోయేసరికి లేడు. కొడుకుకు ఏ బ్యాంకో కూడా తెలియదు.

అప్పుడు బుద్ధి వచ్చింది అనుకునేరు. రాలేదు. ఇంకో ఏడాది అట్లనే గడిపాం. 2025 అక్టోబరు 14 నుంచి విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే భద్రతా మార్పులు ఆగిపోయాయని తెలిసినప్పుడు మళ్లీ చర్చకు వచ్చింది. మా యంత్రం విండోస్ 11ను మోయలేదు, దానికి కావలసిన భద్రతా చిప్పు ఇందులో లేదు. కొత్తది కొనే పైసలు సంఘం దగ్గర లేవు. సరే, ఉన్నదాన్నే నిలబెట్టుకుందాం, కానీ ఈసారి చెడిపోకముందే దాని రికవరీ ఏందో నడిపి చూద్దామని తీర్మానం చేసుకున్నాం. వరి కోతలు అయిపోయి, పసుపు తవ్వకాలు ఇంకా మొదలుకాని ఒక ఆదివారం దీనికే కేటాయించాం. మా సభ్యుడి బిడ్డ డిగ్రీ చదువుతోంది, ఆ అమ్మాయి తన ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది.

విత్తనం విషయంలో మనం ఎట్ల చేస్తాం? సంచి మీద రాసినదాన్ని నమ్మి మడిలో చల్లం. నూరు గింజలు లెక్కబెట్టి తడి గోనెపట్టలో చుట్టి పెడతాం, ఎన్ని మొలిచాయో చూస్తాం. వరికి ఎనభై అన్నా మొలవాలి. నాట్లకు ముందు మోటరు ఒకసారి నడిపి చూస్తాం, స్టార్టరు పట్టుకుంటుందా లేదా అని. కాయితాల విషయంలో, కంప్యూటర్ విషయంలో మాత్రం సంచి మీది రాతను నమ్ముతాం.

మొదటి పని నకళ్లు తీయడం. ఉన్న ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఒక బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాం. అయిపోయిందని చాయ్ తెప్పించుకునేలోపే ఆ అమ్మాయి, "ఆగండి, ఇవి నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూద్దాం" అంది. తెరిస్తే ఏముంది? మా పాత కరపత్రాలు, తీర్మానాలు అన్నీ కోడి కెలికినట్టు ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు. అవన్నీ పేజ్‌మేకర్‌లో పాత డీటీపీ ఫాంట్లతో కొట్టినవి. ఆ ఫాంటు ఉన్న యంత్రంలోనే అది తెలుగు, బయట అదేమీ కాదు. అంటే నకలు ఉంది, కానీ చదవడానికి రాదు. అదే ఫోన్లో మనం కొట్టే తెలుగు యూనికోడ్, అది ఎక్కడ తెరిచినా తెలుగుగానే ఉంటుంది. ఆ రోజు సగం పొద్దు పాత ఫైళ్లను పీడీఎఫ్‌లుగా మార్చడానికే పోయింది. ఈ పని ఏ సంఘం ఆఫీసులోనైనా, ఏ డీటీపీ షాపులోనైనా మిగిలి ఉంటుంది. ఆ ఫాంట్లున్న యంత్రం బతికుండగానే చేయాలి, అది పోయినాక చేయడం కష్టం.

తర్వాత రికవరీ. అసలు యంత్రంలో అది ఉన్నదా లేదా చూడటానికి ఒక చిన్న ఆజ్ఞ ఉందట, 'రీఏజెంట్‌సీ ఇన్ఫో' అని. అది కొట్టాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? పాత కార్యదర్శికి. ఆ తమ్ముడు ఎక్కడున్నాడు? గత ఎండాకాలం నుంచి దుబాయిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నాడు, ఎత్తలేదు. రెండు గంటల తర్వాత తనే చేసి, "అన్నా, నేను పెట్టిందేందో యాదికొస్తలేదు, ఒక్కసారి మా చిన్నదాని పేరు కొట్టి చూడున్రి" అన్నాడు. రెండోసారికి పట్టింది. నవ్వుకున్నాం గానీ, అదే ఆ తమ్ముడి ఫోన్ కలవని రోజున, యంత్రం ఆగిపోయిన రోజున అయితే ఏమయ్యేది? ఇప్పుడు ఆ పాస్‌వర్డ్ కాయితం మీద రాసి కవరులో పెట్టి, సంఘం ముద్ర వేసి కోశాధికారి దగ్గర ఉంచాం.

ఆజ్ఞ కొడితే జవాబు వచ్చింది: 'డిసేబుల్డ్'. పనిచేయకుండా ఆపేసి ఉంది! ఇన్నాళ్లు మేము దేన్ని నమ్ముకొని ఉన్నామో అది ఆగిపోయి ఉంది, ఆ సంగతి చెప్పే దీపం ఎక్కడా వెలగలేదు. ఆ అమ్మాయి ఇంకో ఆజ్ఞతో దాన్ని చాలు చేసింది. షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ కొడితే నీలం తెర వచ్చింది. అందులో 'ట్రబుల్‌షూట్' లోపలికి పోతే మరమ్మతు దారులు వరుసగా ఉంటాయి. 'స్టార్టప్ రిపేర్' నొక్కితే కాసేపు తిరిగి, మీ కంప్యూటర్‌ను బాగు చేయలేకపోయాం అని రాసింది. మాకు గుండె జారింది. భయపడకండి, బాగు చేయడానికి రోగం లేకపోయినా అది ఇదే మాట అంటుంది అని అమ్మాయి చెప్పింది. ఇట్లాంటివి ముందే చూసి ఉంటే ఆపద రోజున చేతులు వణకవు.

ఈ తెర వరకు పోయి, ఏమీ ముట్టకుండా 'కంటిన్యూ' నొక్కి తిరిగి రావచ్చు. ఎవరైనా చేయాల్సిన కనీస పరీక్ష ఇదే, దీంతో ఏమీ పోదు. మేము మాత్రం నకళ్లు రెండు చోట్ల ఉన్నాయి కాబట్టి ముందుకే పోయాం. 'రీసెట్ దిస్ పీసీ' అన్నది నొక్కాం. అక్కడ రెండు దారులు. ఒకటి మీ ఫైళ్లు ఉంచి మిగతావి కొత్తగా చేయడం, రెండోది అన్నీ తీసేయడం. షాపు పిల్లగాడు ఆనాడు అడిగిన ప్రశ్న ఇదే! ఒక ఏడాది తర్వాత మాకు అర్థమైంది. మొదటి దారిలో కూడా ఫైళ్లు మాత్రమే ఉంటాయి, మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములు ఉండవు. పేజ్‌మేకర్ పోతుంది, ప్రింటర్ మళ్లీ కలపాలి. ఏమేం పోతాయో ముందే పట్టిక చూపిస్తుంది. అది చదవకుండా 'నెక్స్ట్' కొట్టేవాళ్లే ఎక్కువ, బ్యాంకులో అప్పు కాయితాల మీద సంతకం పెట్టినట్టు.

పాత హార్డ్‌డిస్క్ కాబట్టి మూడు గంటల పైన పట్టింది. నడిమిట్ల కరెంటు పోతే యంత్రం అటూ ఇటూ కాకుండా ఆగిపోవచ్చు. మా యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పక్క ఇంటి నుంచి ఇన్వర్టర్ వైరు గుంజుకొని కూర్చున్నాం. పెళ్లి పందిట్లో వంటలు అయ్యేదాకా చూసినట్టు చూశాం. చివరికి తెర వెలిగింది, ఫైళ్లు ఉన్నాయి. పోయిన ప్రోగ్రాముల పట్టిక తెర మీదే ఒక ఫైలుగా పెట్టి ఉంది.

ఇక ఆ రికవరీ డ్రైవ్ సంగతి. కంపెనీవాళ్లు అమ్మినప్పుడు వేసిచ్చిన దారి అది. ఒక్కో కంపెనీకి ఒక్కో మీట ఉంటుంది, హెచ్‌పీకి ఎఫ్11, ఏసర్‌కు ఆల్ట్‌తో పాటు ఎఫ్10. మా దానికి ఉన్న మీట ఎన్నిసార్లు నొక్కినా ఏమీ రాలేదు. 2019లో మీద విండోస్ 10 వేసినప్పుడే ఆ దారి మూసుకుపోయింది. డ్రైవ్ మాత్రం జాగ పట్టుకొని కూర్చుంది. ఒకవేళ తెరుచుకున్నా ఏమయ్యేది? అది మమ్మల్ని 2011కు తీసుకపోయేది. విండోస్ 7కి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకు, ఒక్క తీర్మానం, ఒక్క తక్‌పట్టీ లేని రోజుకు. ఆ విండోస్ 7కి కూడా 2020 జనవరి 14తోనే గడువు తీరింది.

ఇక్కడ మాకు ఒక విషయం తెలిసొచ్చింది. వెనక్కి తెస్తాం అన్న మాట ఎవరు చెప్పినా, ఏ తేదీకి తెస్తారు అని అడగాలి. ఆ తేదీ తర్వాత రాసినవి ఏమైతాయని అడగాలి.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. భూమి రికార్డుల్లో ఈ దెబ్బ తిన్నవాళ్లమే. 2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టారు. ఊరూరా తిరిగి రాసుకున్న ఆ వివరాలే తర్వాత 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణికి పునాది అయ్యాయి. ప్రక్షాళనలో ఒక సర్వే నంబరు తప్పు పడితే, ఒక ఎకరం తక్కువ పడితే, వివాదం అని పార్ట్-బీలో పెడితే, అదే ధరణిలోకి ఎక్కింది. ధరణిలో అనుభవదారు కాలమే లేదు, పట్టాదారు పేరు మాత్రమే. కొత్త చట్టంతో తహసీల్దారు దగ్గర దిద్దించుకునే దారి పోయింది, రెవెన్యూ కోర్టులు పోయాయి, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. తర్వాత మాడ్యూళ్లని ఒక్కొక్కటి తెచ్చి, చిన్న అక్షరం తప్పుకు కూడా రైతును మీసేవ చుట్టూ, కలెక్టరేట్ చుట్టూ తిప్పారు. అదే ఏడాది సెప్టెంబరులో వీఆర్‌ఓ వ్యవస్థను కూడా రద్దు చేశారు. వీఆర్‌ఓలందరూ ధర్మాత్ములని మేము అనం, వాళ్ల చేతులు తడిపినవాళ్లం మనమే. కానీ ఊరి గెట్లు తెలిసిన మనిషిని తీసేసి, తప్పు పడ్డ డాటాను ఉంచారు. వెనక్కి పోయే దారి పెట్టకుండా, పెట్టిన దారిని నడిపి చూడకుండా రాష్ట్రమంతా ఒక్కరోజు స్విచ్ వేశారు.

ఆ రోజుల్లో మనల్ని కాపాడింది ఏమిటి? కాయితం. చాలామంది 1954-55 ఖాస్రా పహాణీ నకలు కోసం తిరిగారు. తాత పేరు అందులో ఉన్నవాడికి ఒక ఆధారం దొరికింది. కానీ ఖాస్రా కూడా ఒక తేదీయే కదా. ఆ తర్వాత జరిగిన కొనుగోళ్లు, అన్నదమ్ముల పంపకాలు అందులో ఉండవు. ఎనభైల్లో తెల్లకాయితం మీద సాదాబైనామా రాయించుకొని, పైసలు ముట్టజెప్పి, నలభై ఏండ్లుగా దున్నుకుంటున్నవాడు ఖాస్రాకు పోతే భూమి అమ్మినవాడి పేరే కనిపిస్తుంది. మా యంత్రంలో 2011కు పోయినట్టే.

2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. అప్పీలు దారి మళ్లీ తెరిచారు, ఆర్డీఓ దగ్గరికి, కలెక్టర్ దగ్గరికి పోవచ్చు. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. ఇది ఉద్యమాల వల్ల వచ్చిందే, మంచిదే. కానీ మా ఆదివారం అనుభవంతో మేము అడిగేది ఇది. దారి చట్టంలో ఉంటే సరిపోదు, నడిచి చూపించాలి. ప్రతి మండలంలో పది తప్పుడు నమోదులు తీసుకొని, దరఖాస్తు నుంచి దిద్దుబాటు వరకు ఎన్ని రోజులు పట్టిందో ఆఫీసు గోడ మీద రాయండి. ఊరి పహాణీని ఏటా కాయితం మీద ముద్రించి పంచాయతీలో అందరికీ చదివి వినిపించండి. చట్టం పుస్తకంలో ఎట్లా రాసి ఉన్నా ఊర్లో అది జరిగితేనే జరిగినట్టు. పాతకాలంలో ఏటేటా జమాబందీ అని ఊరి లెక్కలు తనిఖీ చేసేవాళ్లు. అందులో అవినీతి లేదని కాదు, కానీ ఏడాదికొకసారి పుస్తకం తెరుచుకునేది.

మన సహకార సంఘాల గురించీ ఇదే అడగాలి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో ఆమోదం ఇచ్చింది. మొదట అనుకున్నది 63,000 సంఘాలు, 2,516 కోట్ల రూపాయలు. అప్పు లెక్క, వడ్డీ లెక్క, వాటాధనం అన్నీ తెర మీదికి వస్తున్నాయి. మంచిదే. వచ్చే మహాజన సభలో చేయెత్తి ఒక్క ప్రశ్న అడగండి: "బ్యాకప్ ఉందంటున్నరు కదా, అందులోంచి ఒక్క రైతు ఖాతా అన్నా తిరిగి తీసి చూసిండ్రా? ఎప్పుడు?" తీశాం, ఫలానా తేదీన, అని జవాబు వస్తే చప్పట్లు కొడదాం. సర్వర్ పైన ఉంటది, వాళ్లే చూసుకుంటరు అని జవాబు వస్తే మినిట్స్ పుస్తకంలో రాయించండి.

పైవాళ్లు చూసుకుంటారన్న నమ్మకం పెద్ద పెద్ద దేశాల్లోనే బొక్కబోర్లా పడింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలో డేజాన్ అనే ఊర్లోని ప్రభుత్వ డాటా కేంద్రంలో మంటలు అంటుకున్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే వ్యవస్థ కాలిపోయింది, 858 టెరాబైట్లు. దానికి బయట ఎక్కడా నకలు లేదు. ప్రపంచానికి కంప్యూటర్ చిప్పులు అమ్మే దేశం అది.

దీనికి ఉల్టా కథ ఒకటి విత్తనాలది. నార్వేలో మంచుకొండ లోపల స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారం 2008లో తెరిచారు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ కూడా జొన్న, సజ్జ, కంది, శనగ విత్తనాలను అక్కడికి పంపింది. సిరియాలో అలెప్పో దగ్గర ఉన్న ఇకార్డా పరిశోధనా కేంద్రం కూడా తన విత్తనాలు అక్కడ దాచింది. యుద్ధంలో అలెప్పో దెబ్బతిన్నాక 2015లో వాళ్లు ఆ విత్తనాలను వెనక్కి అడిగారు. ఆ భాండాగారం నుంచి విత్తనం బయటికి తీయడం అదే మొదటిసారి. లెబనాన్‌లో, మొరాకోలో విత్తి, పండించి, 2017లో మళ్లీ కొంత తీసుకపోయి అక్కడే దాచారు. దాచడం, తీయడం, మొలిపించడం, తిరిగి దాచడం, నాలుగూ చేశారు. మేము పదమూడేళ్లలో మొదటిది కూడా సగమే చేశాం.

ఆ ఆదివారం తర్వాత ఆఫీసులో చేసినవి చెబుతాం, మిగతా మండలాల వాళ్లకు పనికొస్తాయి. 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొని దాన్ని రికవరీ డ్రైవ్‌గా తయారు చేశాం. విండోస్‌లోనే ఆ సదుపాయం ఉంది. అది తయారయ్యేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెడుతుంది కాబట్టి మనవరాలి పుట్టినరోజు ఫొటోలున్నది పెట్టకండి. తయారైన తర్వాత దాంతో యంత్రాన్ని ఎక్కించి చూశాం. మొదట ఎక్కలేదు. లోపల రూపాయి బిళ్ల సైజు సెల్ ఉంటుంది, సీఆర్2032 అంటారు, అది చచ్చిపోయి తేదీ, వరుస అన్నీ మరిచిపోతోంది. తేదీ తప్పుంటే ఇంటర్నెట్‌లో ప్రభుత్వ సైట్లు కూడా తెరుచుకోక సతాయిస్తాయి. మేము ఇన్నాళ్లు సర్వర్ డౌన్ అని తిట్టుకున్న కొన్ని రోజులు ఈ సెల్ పుణ్యమే అయి ఉంటాయి. సెల్ మార్చాం, పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కింది. దానికి ఒక చీటీ కట్టి మేకుకు వేలాడదీశాం: ఫార్మాట్ చేయవద్దు, పాటలు ఎక్కించవద్దు. రెండో మాట ఎందుకు రాశామో మా కుర్రకారుకు తెలుసు.

బయటి హార్డ్‌డిస్క్ ఆఫీసులో ఉండదు, వేరే ఊర్లో ఒక సభ్యుడి ఇంట్లో ఉంటుంది. దొంగ వచ్చినా పిడుగు పడినా రెండూ ఒకేసారి పోవద్దని. నెలకోసారి తెచ్చి ఎక్కిస్తాం, ఎక్కించినప్పుడల్లా ఏదో ఒక పాత ఫైలు వేరే యంత్రంలో తెరిచి చూస్తాం. గోనెపట్టలో గింజలు చూసినట్టే. రుణమాఫీ జాబితా, తక్‌పట్టీల పట్టిక మాత్రం కాయితం మీద తీసి రిజిస్టరులో అంటించాం. ఇంటర్నెట్ పనులు ఆ యంత్రంలో చేయడం మానేశాం, బ్యాంకు పనులైతే అసలే లేదు. దానికి లినక్స్ వేసి చూద్దామని ఆ అమ్మాయి అంటోంది. దాంట్లో తెలుగు బాగానే వస్తుందట, లైసెన్సు పైసలు లేవు. ఎండాకాలం సెలవుల్లో ఒకసారి చూస్తాం.

ఒక హెచ్చరిక. పాత కంప్యూటర్ ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు, అమ్మేటప్పుడు రెండో దారినే పోవాలి, అన్నీ తీసేసి డ్రైవ్ శుభ్రం చేయమన్నదాన్ని ఎంచుకోవాలి. మన దగ్గర రైతుల ఆధార్ నంబర్లున్నాయి, బ్యాంకు ఖాతాలున్నాయి. నమ్మి ఇచ్చినవాళ్ల వివరాలు పాత ఇనుప సామాను బండి మీద ఊరేగవద్దు.

రెండోసారి తిరిగి రాసిన రుణమాఫీ జాబితాలో ఇంకా కొన్ని పేర్లు ఎక్కలేదు. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మాకు వివరాలిచ్చి, ఆ తర్వాత మళ్లీ మేము కలవనివాళ్లు ఎవరైనా ఉంటే పాస్‌బుక్కు, బ్యాంకు కాయితం పట్టుకొని మెట్‌పల్లి ఆఫీసుకు రండి. మల్లాపూర్, ఇబ్రహీంపట్నం, కథలాపూర్ దిక్కు ఉన్నవాళ్లు మీ ఊరి సంఘం బాధ్యులకు ఇచ్చినా సరే. ఈసారి కంప్యూటర్‌లో ఎక్కించే ముందు రిజిస్టరులో రాసుకొని మీ సంతకం తీసుకుంటాం.